చిన్న హెడ్‌ఫోన్ సంస్థల సర్వీసు: నలుగురిలో అడిగితేనే జవాబు వస్తే దాన్ని మంచి సర్వీసు అనవచ్చా?

మంద్రశ్రుతి (ప్రశ్న):

ఒక చిన్న సంస్థ తన వర్క్‌షాపులో చేతితో అమర్చి అమ్మే ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. నా ప్రశ్న ఆ ఒక్క సంస్థకు సంబంధించినది కాదు కాబట్టి దాని పేరు రాయడం లేదు. వారంటీ గడువు ఇంకా ఉండగానే కుడివైపు శబ్దం మొదట సన్నగిల్లి, తరువాత పూర్తిగా ఆగిపోయింది. సీరియల్ నంబరు, కొన్న రసీదు, సమస్య వివరాలు జతచేసి, వెబ్‌సైటులో ఇచ్చిన చిరునామాకు ఈమెయిల్ పంపాను. సందేశం అందిందని తనంతట తాను వచ్చే జవాబు తప్ప మరేమీ రాలేదు. కొన్ని వారాలు ఆగి గుర్తుచేస్తూ మళ్ళీ రాశాను, అప్పుడూ అంతే.

ఆ సంస్థ యజమాని తరచుగా వచ్చి వినియోగదారులతో మాట్లాడే ఒక చర్చావేదిక ఉంది. చివరకు అక్కడ, ఎవరినీ నిందించకుండా, వారంటీ గురించి రాసిన ఉత్తరాలకు జవాబు రావాలంటే ఎవరిని సంప్రదించాలని ఒక్క వాక్యం అడిగాను. ఆ సాయంత్రానికల్లా యజమాని స్వయంగా నాకు సందేశం పంపారు. ఆలస్యానికి క్షమించమన్నారు, రానుపోను కొరియర్ ఖర్చు తామే పెట్టుకున్నారు, రెండు వైపులా కొత్త డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, వేసి, నేను అడగకపోయినా కొత్త ఇయర్ ప్యాడ్లు కూడా తొడిగి పంపారు. ఇప్పుడు ఆ హెడ్‌ఫోన్ కొన్ననాటికంటే బాగా వినిపిస్తున్నదంటే అతిశయోక్తి కాదు.

నా ఇబ్బందల్లా ఆ తరువాతి సంగతితోనే. నా ప్రశ్న కింద చేరినవారిలో చాలామంది, పెద్ద కంపెనీలో యజమాని ఇలా పలకరిస్తాడా, చిన్న సంస్థల దగ్గర కొనడంలో ఉన్న సుఖం ఇదేనని మెచ్చుకున్నారు. నాకు ఆ మెప్పుతో పూర్తిగా ఏకీభవించాలని అనిపించడం లేదు. ఉత్తరానికి పలకనివారు నలుగురి ముందు అడగగానే పలికితే అది సర్వీసు అవుతుందా, లేక పరువు కాపాడుకోవడం మాత్రమేనా? ఇలాంటి సంస్థల విషయంలో కొనకముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా? నా అనుభవాన్ని రివ్యూగా రాయదలిస్తే, దానిలో ఏ సగానికి ఎక్కువ చోటివ్వాలి?

రిపేరుబల్ల:

మీరు చెప్పిన ఒక వివరం దగ్గర మొదలుపెడతాను. ఒక వైపే పాడైతే రెండు వైపులా డ్రైవర్లు మార్చారన్నారు. అది ఉదారత అని మీరు అనుకుంటున్నట్టుంది, కానీ చాలావరకు అది సాంకేతిక అవసరం. ప్లానార్ డ్రైవర్‌లో కొన్ని మైక్రాన్ల మందమున్న పలుచని పొర మీద విద్యుత్తు పారే లోహపు దారి ఉంటుంది, ఆ పొర అయస్కాంతాల క్షేత్రంలో బిగువుగా నిలిచి కంపిస్తుంది. ఆ బిగువు ఏ రెండు డ్రైవర్లలోనూ అచ్చంగా ఒకేలా రాదు. అందుకే తయారీదారులు ఒక విడతలో తయారైన వాటినన్నిటినీ కొలిచి, దగ్గరగా సరిపోయే రెండింటిని జతకట్టి ఒక హెడ్‌ఫోన్‌లో పెడతారు. జతలో ఒకటి పోయినప్పుడు, మిగిలిన దానికి సరిపోయే ఇంకొకటి అరలో ఉంటే ఒక్కటే మారుస్తారు, లేకపోతే రెండూ మార్చక తప్పదు. ఒక్కటి మార్చి పంపితే కుడి ఎడమల మధ్య తేడా వచ్చి, గాయకుని గొంతు నడిమధ్యన నిలవకుండా ఒక పక్కకు జరుగుతుంది.

దీన్నిబట్టి చూస్తే, చిన్న సంస్థ సర్వీసు శక్తి యజమాని మర్యాదలో కంటే అరలో మిగిలిన విడి డ్రైవర్లలో ఎక్కువగా ఉంటుంది. పాత విడత డ్రైవర్లు అయిపోయి, కొత్త విడతలో డిజైన్ కొద్దిగా మారితే, ఎంత మంచి మనిషైనా పాత మోడల్‌ను పాత మోడల్‌గా తిరిగి ఇవ్వలేడు.

కనుక కొనేముందు నేను చూసేది విప్పే వీలు. సెన్‌హైజర్ 1997లో తెచ్చిన హెచ్‌డి 600 ఇంతకాలం మన్నడానికి, దాని ప్యాడ్లు, హెడ్‌బ్యాండ్ మెత్త, కేబులు విడివిడిగా దొరకడం, వాటిని ఎవరికివారు మార్చుకోగలగడం పెద్ద కారణం. అది చిన్న సంస్థ కాదు, కాని కొలబద్దగా పనికివస్తుంది. బ్రూక్లిన్‌లో 1953 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న గ్రాడో హెడ్‌ఫోన్ల నురుగు ప్యాడ్లను ఏ పనిముట్టూ లేకుండా లాగి మార్చవచ్చు. రొమేనియాలోని మెజె సంస్థ 2015లో విడుదల చేసిన 99 క్లాసిక్స్‌ను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించి, పూర్తిగా విప్పి మళ్ళీ అమర్చగలిగేలా రూపొందించింది. జిగురుతో మూసేసిన కప్పు ఉన్న హెడ్‌ఫోన్ విషయంలో యజమాని ఎంత ఆప్యాయంగా జవాబిచ్చినా నాకు నమ్మకం కుదరదు.

ఇక ఉత్తరం రాసే తీరు గురించి ఒక మాట. శబ్దం ఒక వైపు ఆగితే మొదట కేబులు కుడి ఎడమ కొసలను తారుమారు చేసి చూడాలి. లోపం రెండో చెవికి మారితే తప్పు కేబులులోనో యాంప్లిఫయర్‌లోనో ఉందన్నమాట, మారకపోతే డ్రైవర్‌లో ఉంది. గరగర వినిపిస్తే, చాలా తక్కువ పౌనఃపున్యం నుంచి మెల్లగా పైకి పోయే స్వరాన్ని చిన్న శబ్దంతో వినిపించి, ఎక్కడ మొదలవుతున్నదో గుర్తించాలి. మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్లలో అనేకసార్లు ఆ గరగరకు కారణం డయాఫ్రంను, అంటే కంపించే పొరను, తాకుతున్న ఒక వెంట్రుక మాత్రమే. స్థిరవిద్యుత్తుతో పొరను కంపింపజేసే ఎలక్ట్రోస్టాటిక్ రకంలోనైతే దుమ్ము, తేమ చేరి పొర మీద నిలవాల్సిన విద్యుదావేశం కారిపోవడం వల్ల ఒక వైపు శబ్దం తగ్గవచ్చు. ఈ పరీక్షల ఫలితం మొదటి ఉత్తరంలోనే ఉంటే, కేబులు మార్చి చూశారా అని వాళ్ళు అడగడానికీ మీరు జవాబివ్వడానికీ పట్టే కాలం మిగులుతుంది. అయితే వారాల తరబడి మౌనానికి ఇది సాకు కాదు, ఆ విషయంలో మీ అసంతృప్తి న్యాయమైనదే.

ఉత్తరాలగుమస్తా:

శబ్ద పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో వచ్చిన ఈమెయిళ్ళకు జవాబులు రాసే పని నేను కొంతకాలం చేశాను. బయటినుంచి నిర్లక్ష్యంగా కనిపించేది లోపల ఎలా జరుగుతుందో చెబుతాను.

వచ్చే ఉత్తరాల్లో కొన్ని కొనదలచినవారివి, కొన్ని ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవి, కొన్ని రిపేరు కోరేవి. మొదటి రకానికి ఎవరైనా జవాబు రాయవచ్చు, రెండో రకానికి కొరియర్ నంబరు చూసి చెబితే సరిపోతుంది. రిపేరు ఉత్తరం అలా తెమలదు. అది వారంటీ కిందికి వస్తుందా, విడిభాగం ఉందా, వేరే దేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలి, కింద పడేసి పాడుచేశారన్న అనుమానం ఉంటే ఏమనాలి అన్నవన్నీ ఎవరో ఒకరు తేల్చాలి. మా దగ్గర వాటిని తేల్చగలిగినది యజమాని ఒక్కరే. ఆయన బల్ల దగ్గర డ్రైవర్లు కొలుస్తూ ఉండేవారు, లేదా క్యాన్‌జామ్ లాంటి ప్రదర్శనకు వెళ్ళి ఉండేవారు. నేను ఆయనను అడగాల్సిన ఉత్తరాలను ఒక పక్కన పెట్టేదాన్ని. ఆ పక్కన పెట్టిన గుట్టే మీరు చూసిన మౌనం.

నలుగురిలో అడిగినప్పుడు మాత్రం ఎందుకు కదలిక వస్తుందంటే, అప్పుడు ఆ ప్రశ్న యజమాని కంటికి నేరుగా, నా బల్ల మీదుగా పోకుండానే చేరుతుంది. కొనబోయేవారు కూడా దాన్ని చదువుతున్నారన్న భయం ఉంటుంది, నిజమే. కానీ మోసం చేసే ఉద్దేశం కంటే, ఒకే మనిషి అన్నీ తేల్చాల్సిరావడమే అసలు రోగమని నా అభిప్రాయం. ఈ రంగంలో చాలా సంస్థలు ఒక మనిషి అభిరుచిగా మొదలుపెట్టినవి. ఇప్పుడు డాన్ క్లార్క్ ఆడియోగా పిలిచే సంస్థ, షికాగోకు చెందిన జడ్‌ఎమ్‌ఎఫ్ రెండూ ఫోస్టెక్స్ టి50ఆర్‌పి అనే స్టూడియో హెడ్‌ఫోన్‌ను మార్చి మెరుగుపరచడంతో ఆరంభమైనవే. అలాంటి తొలినాళ్ళలో కొనేవారు, తయారుచేసిన మనిషికే నేరుగా రాసేవారు, ఆయనే ఆ రాత్రికి జవాబిచ్చేవారు. ఆ ఆత్మీయతే సంస్థకు పేరు తెస్తుంది. కొనేవారు పదింతలైనా యజమాని ఆ పద్ధతి వదలలేకపోతే, తెచ్చిన పేరే మెడకు చుట్టుకుంటుంది. రెండో మనిషికి నిర్ణయాధికారం ఇచ్చిన సంస్థలు ఈ గండాన్ని దాటుతాయి.

కొనకముందే తెలుసుకునే దారి అడిగారు. ఏ మోడల్ ఏ సంగీతానికి బాగుంటుందని అడిగితే ఎవరైనా ఉత్సాహంగా జవాబిస్తారు, దానివల్ల మీకేమీ తెలియదు. వారంటీ ముగిశాక ఒక డ్రైవర్ మార్చడానికి ఎంత తీసుకుంటారు, హెడ్‌బ్యాండ్ విడిగా అమ్ముతారా, నేను దీన్ని మరొకరికి అమ్మితే వారంటీ వారికి వర్తిస్తుందా అని ముందే ఉత్తరం రాయండి. ఈ ప్రశ్నలు అమ్మకానికి ఏ విధంగానూ తోడ్పడవు. వీటికి అంకెలతో, సూటిగా, యజమాని కాని మనిషి జవాబు రాస్తే, అక్కడ ఒక పద్ధతి ఏర్పడిందని అర్థం. 'మా దగ్గర ఎప్పుడూ ఏ సమస్యా రాదు, వస్తే మేం చూసుకుంటాం' అని వస్తే, ఆ మాట ఎంత ప్రేమగా రాసినా, అక్కడ ఏ పద్ధతీ లేదని నేను అనుకుంటాను.

చెవిపోగు:

ఉత్తరాలగుమస్తా గారి వివరణ నిజాయితీగా ఉంది కానీ, వినియోగదారుడి వైపునుంచి చూస్తే అది సంస్థ పట్ల కొంచెం ఎక్కువ జాలి చూపుతున్నది. ఎక్కువ డబ్బు తీసుకుని అమ్మే వస్తువుకు జవాబు చెప్పే మనిషిని పెట్టుకోవడం ఆ ధరలోనే ఉండాల్సిన ఖర్చు. పైగా, నలుగురిలో అడిగినవారికే పని జరిగితే, మొహమాటపడేవారు, యజమాని వచ్చే చోటు తెలియనివారు, ఆయన భాష రానివారు వెనకబడిపోతారు. అలా వెనకబడినవారు చర్చావేదికల్లో కనిపించరు కనుక, బయటికి కనిపించే కథలన్నీ సుఖాంతాలే అవుతాయి. మంద్రశ్రుతి గారికి తోచిన అనుమానానికి అసలు కారణం ఇదేననుకుంటాను.

మరో చిక్కు ఉంది. చిన్న సంస్థ మంచిపేరు చాలావరకు ఒక మనిషి మంచిపేరు, ఆ మనిషి శాశ్వతంగా ఉంటాడన్న హామీ ఎక్కడా లేదు. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు 1960లోనే దారివేసిన జపాన్ సంస్థ స్టాక్స్ 1990ల మధ్యలో ఆర్థికంగా కూలి, చిన్న బృందంతో మళ్ళీ నిలబడి, 2011లో చైనాకు చెందిన ఎడిఫయర్ చేతిలోకి వెళ్ళింది. ఇయర్‌ఫోన్ల సంస్థ అల్టిమేట్ ఇయర్స్‌ను 2008లో లాజిటెక్ కొన్నది, దాన్ని స్థాపించిన జెర్రీ హార్వీ వేరుగా జేహెచ్ ఆడియో నడుపుకున్నారు. హెడ్‌ఫోన్ల సంస్థ ఆడెజీని 2023లో సోనీ ఇంటరాక్టివ్ ఎంటర్‌టైన్‌మెంట్ తీసుకుంటున్నట్టు ప్రకటించింది. పెద్ద పేర్లకూ ఇది తప్పలేదు. వియన్నాలో 1947లో పుట్టిన శబ్ద పరికరాల సంస్థ ఏకేజీకి అక్కడి కేంద్రం 2017లో మూతపడితే, అందులో పనిచేసినవారు కొందరు అదే ఏడాది ఆస్ట్రియన్ ఆడియో మొదలుపెట్టారు. సంస్థ చేతులు మారడం చెడ్డదని నేను అనడం లేదు, కొన్నిసార్లు విడిభాగాల సరఫరా దానివల్లే నిలుస్తుంది. యజమాని ఫోన్‌లో ఇచ్చిన మాట మాత్రం కొత్త యజమానికి బదిలీ కాదు, రాతలో ఉన్న వారంటీ షరతే నిలబడుతుంది. కనుక ఆ షరతులున్న పేజీని కొన్నరోజునే దాచుకోవడం మంచిది.

ముందుగా డబ్బు కట్టించుకునే పద్ధతి మరీ ప్రమాదకరం. ఒసిక్ అనే సంస్థ 2016లో త్రిమితీయ శబ్దం వినిపించే హెడ్‌ఫోన్ కోసం కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ వెబ్‌సైటులో 27 లక్షల డాలర్లకు పైగా సేకరించి, 2018లో మూతపడింది. డబ్బు కట్టినవారిలో అత్యధికులకు వస్తువూ రాలేదు, డబ్బూ రాలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐరోపా సమాఖ్యలో కొత్త వస్తువుకు కనీసం 2 సంవత్సరాల చట్టబద్ధ హామీ ఉంటుంది, దానికి బాధ్యుడు తయారీదారు కాదు, మీకు అమ్మినవాడు. కనుక తయారీదారు పలకకపోతే అమ్మినవారిని పట్టుకోవచ్చు. అమెరికాలో 2016 నాటి చట్టం ప్రకారం, నిజాయితీగా రాసే రివ్యూను నిషేధించే షరతును సంస్థలు ముందే అచ్చువేసి ఉంచిన తమ ఒప్పందాల్లో పెట్టినా అది చెల్లదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఈ రక్షణ చాలా తగ్గుతుంది. అనేక చిన్న సంస్థల వారంటీలు మొదట కొన్నవారికి మాత్రమే వర్తిస్తాయి.

ఇక రివ్యూలు చదివే పద్ధతి. చిన్న సంస్థ అమ్మేదే తక్కువ కాబట్టి, ఫిర్యాదులను లెక్కపెట్టి ఏమీ తేల్చలేము. ఫిర్యాదు రకాన్ని చూడాలి. ఒకే మోడల్‌లో హెడ్‌బ్యాండ్‌ను కప్పుకు కలిపే చోట ఒకేలాంటి పగులు వేరువేరు మనుషులు చూపిస్తుంటే అది డిజైన్ లోపం, యజమాని ఎన్ని క్షమాపణలు చెప్పినా తరువాతి విడతలో ఆ భాగం మారిందా అన్నదే ప్రశ్న. ఫిర్యాదు చేసినవారిమీద యజమాని అభిమానులు విరుచుకుపడుతున్నప్పుడు యజమాని ఏమి చేస్తున్నాడో కూడా గమనించండి. 'మీరే కింద పడేసి ఉంటారు' అని అభిమానులు అంటుంటే చూస్తూ ఊరుకునే యజమాని, తన నోటితో అనకపోయినా, అన్నట్టే.

మంద్రశ్రుతి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు డ్రైవర్లు మార్చడం వెనక ఉన్న కారణం నాకు కొత్తగా తెలిసింది, దానితో ఆ ఉదారత కొంచెం తగ్గి, పనితనం కొంచెం పెరిగి కనిపిస్తున్నది. చెవిపోగు గారు అన్న వెనకబడిన వారి మాట నన్ను రివ్యూ రాసే వైపు నెడుతున్నది. ఒకటే సంకోచం మిగిలింది. ఆ యజమాని నాతో నిజంగా మంచిగా ప్రవర్తించారు, ఇప్పుడు ఆ మౌనం గురించి రాస్తే పుచ్చుకున్నదాన్ని మరచినట్టు ఉండదా? రాసి, ప్రచురించకముందు ఆయనకు ఒకసారి చూపించడం మర్యాద అవుతుందేమోనని ఆలోచిస్తున్నాను.

ఉత్తరాలగుమస్తా:

చూపించవచ్చు, అందులో తప్పులేదు. వారి వైపు ఏదైనా కారణం ఉంటే అప్పుడే తెలుస్తుంది, దాన్ని కూడా మీరు రివ్యూలో చేర్చవచ్చు. మా దగ్గర ఉండగా, నాకు అధికారం ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా కదలని యజమాని, ఒక మర్యాదైన, వివరమైన రివ్యూ చదివాక రిపేరు నిర్ణయాలు నాకు అప్పగించారు. కోపంగా రాసినవాటికి ఆయన సమాధానం చెప్పుకునేవారు, వివరంగా రాసినదానికి సమాధానం చెప్పడానికి ఏమీ దొరకలేదు.

రిపేరుబల్ల:

ఈ ఒక్క విషయంలో నేను గుమస్తా గారితో విభేదిస్తాను. ముందుగా చూపిస్తే, ఎంత మంచివారైనా తరువాతి కొనుగోలు మీద తగ్గింపో, ఇంకో జత ప్యాడ్లో ఇవ్వజూపే అవకాశం ఉంది, పుచ్చుకున్నాక మీ కలం సాగదు. వాస్తవాలు మాత్రమే రాస్తే అనుమతి అవసరం లేదు. ప్రచురించిన తరువాత లంకె పంపండి, జవాబు రాయదలిస్తే కిందనే రాస్తారు.

శీర్షికలో 'అద్భుతమైన సర్వీసు' అనీ పెట్టకండి, 'దారుణమైన సర్వీసు' అనీ పెట్టకండి. మోడల్ పేరు, ఏ వైపు డ్రైవర్ పోయింది, ఎంతకాలం వాడాక పోయింది అన్నవి శీర్షికలో ఉండాలి, ఎందుకంటే అదే లోపం వచ్చినవారు వెతికేది ఆ మాటలతోనే. ఈమెయిల్ పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, బహిరంగంగా అడిగిన తేదీ, వస్తువు తిరిగి వచ్చిన తేదీ వరుసగా రాసి, ఇచ్చినవన్నీ, కొత్త ప్యాడ్లతో సహా, వాటి కిందే పేర్కొనండి. వీలైతే ఆరు నెలల తరువాత కొత్త డ్రైవర్లు ఎలా ఉన్నాయో అక్కడే మరో రెండు వాక్యాలు చేర్చండి, ఇలాంటి రివ్యూల్లో ఆ భాగం దాదాపు ఎవరూ రాయరు.